మహారాజును ఎవరు చంపాలి?

రాష్ట్ర గోనెసంచుల అభివృద్ధి సంస్థ ఛైర్మన్ ఈదర త్రివిక్రమరావు గారు నాయకత్వ శిక్షణ కోసమని కొండమీది రిసార్టుకు వెళ్లి, ఒక విషాద నాటకంతో కిందికి దిగి వచ్చారు. అదే ఏ విషజ్వరంతోనో దిగి ఉంటే సంస్థ తట్టుకునేది. జ్వరానికి మందుంది.

నాయకుడికి కావలసిన పాఠాలన్నీ పాత నాటకాల్లోనే ఉన్నాయని అక్కడ పాఠం చెప్పిన నిపుణుడు సెలవిచ్చాడట. ఉదాహరణగా 'ప్రచండవర్మ పతనం' అనే పద్యనాటకం కథ చెప్పాడట. ప్రచండవర్మ అనే మహారాజుకు తన కొలువులో ఎవరు నమ్మకస్తులో తేల్చుకోవాలనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం నిండు సభలో కూర్చుని, ఎంత చీకటిగా ఉందీ అంటాడు. మంత్రులు పరుగెత్తి కాగడాలు వెలిగించి తెస్తారు. సేనాపతి సత్యకేతు ఒక్కడూ ఇది పట్టపగలు ప్రభూ అంటాడు. రాజు అతన్ని రాజ్యం నుంచి వెళ్లగొడతాడు. ఆనక పొరుగురాజు భైరవసింహుడు పగటిపూటే దండెత్తి వస్తాడు. రాజుగారి మాట ప్రకారం అది చీకటి గనక, కోట మీది కావలివాళ్లు శత్రువు కళ్లెదుట ఉన్నా కనబడనట్టే ఊరుకుంటారు. రాజు చస్తాడు. తెర.

ఈ కథ విన్నాక పశువుల కాపరికైనా ఒక నీతి తడుతుంది. త్రివిక్రమరావు గారికి వేరేది తట్టింది. రాజుగారు పెట్టిన పరీక్ష శాస్త్రీయమైనదే, అమలులో మాత్రం లోపం జరిగింది అని ఆయన తేల్చారు. ఒకసారి పెట్టి వదిలేయకుండా తరచుగా పెట్టి, పైస్థాయి వాళ్లకే కాక అన్ని కేడర్లకూ పెట్టి ఉంటే ఆ రాజ్యం నేటికీ లాభాల్లో ఉండేదని అధికారుల సమావేశంలో చెప్పారు. సంస్థ రజతోత్సవానికి ఈ నాటకాన్ని ఉద్యోగులే ఆడాలనీ, మహారాజు పాత్ర తాను ధరిస్తాననీ ప్రకటించారు. ప్రభుత్వ కార్యదర్శి గారు ముఖ్య అతిథి.

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. "విషయం: రజతోత్సవ విషాద నాటకం – పాత్రల భర్తీ – అర్హులైన ఉద్యోగుల నుండి దరఖాస్తులు కోరుట – గురించి." కింద సంతకం జనరల్ మేనేజర్ లింగమూర్తిది.

ఆ సర్క్యులర్‌ను టైపు చేసినవాడు కరుణాకర్. ప్రచార విభాగంలో కాంట్రాక్టు సహాయకుడు. ఏళ్ల తరబడి అదే కుర్చీ, అదే కాంట్రాక్టు. ఏటా గడువు ముగిసిన రోజున అతన్ని ఒక్కరోజు ఉద్యోగంలోంచి తీసేసి, మర్నాడు కొత్తవాడిగా చేర్చుకునేవారు. కోర్టులో ఎప్పుడైనా తనకు సర్వీసు ఉందని వాదించకుండా ఉండటానికి ఈ ఏర్పాటు. ఆ ఒక్కరోజు అతను లుంగీ కట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. వీధిలో వాళ్లు పండగా ఏమిటని అడిగేవాళ్లు.

ఈసారి మాత్రం దైవం కరుణించేలా ఉంది. అతన్నీ, అతనిలాంటి మరికొందరినీ పర్మినెంట్ చేసే ఫైలు అన్ని గుమ్మాలూ దాటి ఛైర్మన్ గారి బల్ల మీదికి చేరింది. రజతోత్సవం రోజున, నాటకం ముగియగానే, రాజు వేషంలోనే వేదిక మీద ఆ ఫైలు మీద సంతకం చేస్తానని ఆయన మాటిచ్చారు. కరుణాకర్ భార్య సువార్త ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. ఆ కబురు విన్న ఆదివారం చర్చిలో ఆమె మామూలు కంటే ఎక్కువసేపు మోకాళ్ల మీద ఉంది.

పాత్రలకు దరఖాస్తులు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. అన్నీ కాగడాలు పట్టుకునే మంత్రుల పాత్రలకే. కొనుగోళ్ల విభాగం మొత్తం ఒక్క అర్జీ మీద సంతకాలు పెట్టింది. ఒకాయన తనకు ఈ పాత్రలో పాతికేళ్ల అనుభవం ఉందని, దానికి ఇంతవరకు పనిచేసిన ఛైర్మన్లందరూ సాక్షులని రాశాడు. చివరకు మంత్రుల సంఖ్యను పెంచి, కాగడాలు చాలవని టార్చిలైట్లు కొనడానికి అనుమతి తీసుకోవలసి వచ్చింది.

సత్యకేతు పాత్రకు ఒక్క దరఖాస్తూ రాలేదు. ఛైర్మన్ గారి ముఖం మీద, కార్యదర్శి గారి ఎదుట, మీరన్నది తప్పు అనాలంటే ఎవరికి మనసొప్పుతుంది? గడువు పొడిగించారు. రాలేదు. మళ్లీ పొడిగించారు. అన్ని సెక్షన్ల వాళ్లూ తమకు గొంతు నొప్పి ఉన్నట్టు డాక్టరు చీటీలు మాత్రం పంపారు. శత్రురాజు భైరవసింహుడి సంగతి ఇంకా అన్యాయం. అతను రాజును కత్తితో పొడవాలి. ఆ పాత్ర పేరెత్తితేనే జనం బల్లల కిందికి చూసేవారు.

నాటకం నేర్పడానికి తెనాలి నుంచి వీరాస్వామి మాస్టారిని పిలిపించారు. ఆయన హార్మోనియం పెట్టె దించుకుని సంగతి విని, తన సమాజంలో మంచి నటులున్నారు, ఆ రెండు వేషాలకు ఇద్దర్ని రప్పిస్తానన్నాడు. విజిలెన్స్ అధికారి ఒప్పుకోలేదు. బయటి వ్యక్తి కత్తితో ఛైర్మన్ గారిని సమీపించడం భద్రతా నిబంధనలకు విరుద్ధమని ఫైలు మీద రాశాడు. అట్ట కత్తి అయినా నిబంధన నిబంధనే.

లింగమూర్తి ఒక రాత్రంతా నిబంధనల పుస్తకం తిరగేసి, మర్నాడు కరుణాకర్‌ను పిలిపించాడు. లింగమూర్తి మాట్లాడితే ఎవరో డిక్టేషన్ తీసుకుంటున్నారేమో అనిపిస్తుంది.

"ఏమయ్యా కరుణాకర్, పర్మినెంటు ఉద్యోగి పై అధికారిని ధిక్కరించుట ప్రవర్తనా నియమావళి ప్రకారం నేరం. నాటకమందు ధిక్కరించవచ్చునని ఎక్కడా మినహాయింపు లేదు. నీవు కాంట్రాక్టు. నియమావళి నీకు వర్తించదు. కావున సత్యకేతు నీవే. అదే కారణం చేత భైరవసింహుడు కూడా నీవే."

"రెండూ నేనేనా సార్?"

"మీసం మార్చుకొందువు."

కరుణాకర్‌కు గొంతుంది. చర్చి కోయిర్‌లో చిన్నప్పటి నుంచి పాడుతున్నాడు. భయం కూడా ఉంది. ఇంటికొచ్చి సువార్తతో చెబితే ఆమె అన్నం వడ్డిస్తూ ఆగి, సంతకం పెట్టే చేతిని సంతకానికి ముందు పొడవాల్నా అని అడిగింది. నాటకమే కదా అన్నాడతను. ఆమె గరిటె పక్కన పెట్టింది.

"నాటకమని మీకు తెలుసు, నాకు తెలుసు. ఆయనకు తెలుసా అంట?"

రిహార్సల్స్ మొదలయ్యాయి. సత్యకేతు నోట ఒక ఆటవెలది ఉంది. వీరాస్వామి మాస్టారు దాన్ని మోహన రాగంలో ఎత్తుకుని చూపించాడు.

చీకటనుచు దివ్వె చేతబట్టినయంత
పగటి వెలుగు మాసి పారిపోదు
రాజు పలికెనేని రాత్రియై పోవునే
ప్రభువ! మిట్టపొద్దు! పట్టపగలు!

కరుణాకర్ అందుకుని పాడాడు. మాస్టారు కళ్లు మూసుకుని బాగుందబ్బాయ్ అన్నాడు. కిటికీలోంచి విన్న లింగమూర్తి మాత్రం కుదేలైపోయాడు. మరుసటి ఉదయానికి పద్య పరిశీలనా సంఘం ఏర్పడింది. లీగల్ అధికారి నాలుగో పాదంలో ఆరోపణ ఉందన్నాడు. అక్కౌంట్స్ అధికారి మూడో పాదంలో ప్రశ్న ఉంది, అధికారిని ప్రశ్నించే అధికారం సేనాపతి హోదాకు లేదన్నాడు. బాగా చర్చించి ఒక సవరణ తయారు చేశారు. "తమరు సెలవిచ్చినట్లు ఇది చీకటియే అయినప్పటికీ, కొన్ని ప్రాంతాలలో వెలుతురు ఉన్నట్లు వస్తున్న సమాచారం పరిశీలనార్హమని సవినయంగా మనవి చేయడమైనది."

మాస్టారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దీన్ని ఏ రాగంలో పాడమంటారని అడిగాడు. సంఘం ఆ విషయాన్ని ఉపసంఘానికి వదిలింది.

విచిత్రంగా, సవరణను కొట్టిపారేసినవారు ఛైర్మన్ గారే. కళను ఎవరూ ముట్టుకోవద్దని కసిరారు. కరుణాకర్‌ను తన గదికి పిలిపించుకున్నారు. అప్పటికే ఆయన కుర్చీ వెనక రాజదండం, బల్ల మీద కిరీటం ఉన్నాయి. ఆ పక్కనే పర్మినెంట్ ఫైలు కూడా ఉంది.

"ఒక్క అక్షరం మార్చొద్దు. గట్టిగా చెప్పు. అదురూ బెదురూ వద్దు." ఆయన నవ్వి, ఫైలు మీద వేళ్లతో తాళం వేశారు. "ఎంత గట్టిగా చెబుతావో నేనూ చూస్తాగా."

ఆ చివరి మాటతో కరుణాకర్‌కు నిద్ర పట్టకుండా పోయింది. ఆఫీసు రెండు వర్గాలుగా చీలింది. పద్యం చెప్పడమే పరీక్ష, చెప్పకపోతే ఛైర్మన్ ఆదేశాన్ని ధిక్కరించినట్టు అని ఒక వర్గం. చెప్పకుండా ఆపుకోవడమే పరీక్ష, చెబితే మహారాజును ధిక్కరించినట్టు అని రెండో వర్గం. రెండు వర్గాలూ అతని టీ డబ్బులు తామే ఇచ్చేవి, ఉరికంబం ఎక్కేవాడికి మిఠాయి పెట్టినట్టు.

ఈలోగా త్రివిక్రమరావు గారు పాత్రలోకి దిగటం మొదలుపెట్టారు. ఒకరోజు మధ్యాహ్నం సమీక్షా సమావేశంలో, గోనెసంచుల కుట్టు నాణ్యత మీద చర్చ నడుస్తుండగా, ఆయన కిటికీ వైపు చూసి అబ్బా, ఎంత చీకటి అన్నారు. లింగమూర్తి మొదట తేరుకుని లైట్లన్నీ వేయించాడు. స్టోర్స్ మేనేజరు పరదాలు లాగాడు. కొనుగోళ్ల మేనేజరు అంతకంటే ముందుకు పోయి, పొద్దుపోయింది సార్, ఇంక సెలవిప్పించండి అని లేచి నిలబడి ఆవులించాడు. ఛైర్మన్ గారు ఆవులించినవాడి వైపు మెచ్చుకోలుగా చూశారు. ఆ చూపు చాలు.

మర్నాటి నుంచి పన్నెండు కొట్టేసరికి ఆఫీసంతా పరదాలు పడేవి. కారిడార్లో ఎదురైనవాళ్లు ఒకరికొకరు గుడ్ నైట్ చెప్పుకునేవారు. క్యాంటీన్ వాడు మధ్యాహ్న భోజనం మానేసి చపాతీలు, మజ్జిగ పెట్టాడు. గోడౌన్ ముందు లారీలు హెడ్‌లైట్లు వేసుకుని ఎండలో నిలబడేవి. వేయని డ్రైవర్లను గేటు దగ్గర ఆపేసేవారు. ఈ ఆచారానికి చట్టబద్ధత లేకపోతే ఆడిట్‌లో ఇబ్బంది అని లింగమూర్తి ఒక ఉత్తర్వు తీశాడు. "మధ్యాహ్నం పన్నెండు గంటల నుండి ఒంటిగంట వరకు సంస్థ ప్రాంగణమునందు చీకటిగా పరిగణించబడును." యూనియన్ వాళ్లు మొదట నవ్వారు. తర్వాత రాత్రి డ్యూటీ భత్యం అడిగారు. భత్యం అడిగితే చీకటిని ఒప్పుకున్నట్టే గనక యాజమాన్యం సంతోషించింది.

హమాలీల మేస్త్రి నాగేశు ఒక్కడికే ఇదంతా అర్థం కాలేదు. మిట్టమధ్యాహ్నం బస్తా మోస్తుంటే, నెత్తిన టార్చి కట్టుకోమన్నారు. పిచ్చి ముదిరితే రోకలి తలకు చుట్టమన్నాడంట ఎనకటికెవడో అని గొణుక్కుంటూ కట్టుకున్నాడు.

రజతోత్సవం నాడు పొద్దున పదింటికే టౌన్‌హాలు నిండిపోయింది. ముందు వరుసలో కార్యదర్శి గారు, ఆయన వెనక సెక్షన్ల వారీగా ఉద్యోగులు, ఆ వెనక కుటుంబాలు, గోడ వారగా హమాలీలు, ఊరిజనం. లోపల పట్టనివాళ్ల కోసం బయట చెట్టుకు లౌడ్‌స్పీకర్లు కట్టారు. సువార్త డ్యూటీ నుంచి నేరుగా తెల్లచీరలోనే వచ్చి చివరి వరుసలో కూర్చుంది.

పద్యనాటకంలో పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అనడం, నటుడు మళ్లీ పాడటం మన దగ్గర ఉన్నదే. అయితే జనం నచ్చినప్పుడే అంటారు. లింగమూర్తి దాన్ని అంత తేలిగ్గా జనం ఇష్టానికి వదల్లేదు. ఛైర్మన్ గారి పద్యం ముగియగానే మొదట అడ్మినిస్ట్రేషన్, తర్వాత అక్కౌంట్స్, ఆపైన కొనుగోళ్లు, స్టోర్స్, విజిలెన్స్ వరుసగా వన్స్ మోర్ అనాలని వంతులు వేశాడు. ఏ సెక్షనూ నోరు కట్టేసుకుని కూర్చున్న అపవాదు మోయకూడదని ఆయన ఉద్దేశం.

తెర లేచింది. ప్రచండవర్మ కిరీటం సర్దుకుని తొలి పద్యం ఎత్తుకున్నారు. శ్రుతి ఒకచోట, ఆయన ఇంకొకచోట ఉన్నారు. మాస్టారు హార్మోనియంతో ఆయన్ని వెతుక్కుంటూ చాలాదూరం వెళ్లి వట్టి చేతులతో తిరిగి వచ్చాడు. పద్యం ఆగీ ఆగకముందే అడ్మినిస్ట్రేషన్ వన్స్ మోర్ అంది. మళ్లీ పాడారు. అక్కౌంట్స్ అంది. మళ్లీ పాడారు. వంతులు ఒక చుట్టు తిరిగేసరికి రాజుగారి మెడ మీద చెమట కాలువ కట్టింది. కార్యదర్శి గారు ఫోను చెవిన పెట్టుకుని, ఏదో అత్యవసరమన్నట్టు తల ఊపుతూ, పక్క తలుపు గుండా బయటికి నడిచి కారెక్కారు. ఎవరి కోసం ఈ తతంగమంతా జరుగుతోందో ఆ మనిషి వెళ్లిపోయాడని లింగమూర్తి గమనించాడు. రాజుగారికి చెప్పే ధైర్యం చేయలేదు.

కొలువు దృశ్యం వచ్చింది. రాజుగారు సింహాసనం మీద వాలి, ఎంత చీకటిగా ఉందీ అన్నారు. మంత్రులు టార్చిలైట్లతో ఒకరినొకరు తోసుకుంటూ పరుగెత్తి వచ్చారు. ఇంతలో హాల్లో కూర్చున్నవాళ్లకు తామెందుకు వెనకబడాలనిపించింది. ఒకడు సెల్‌ఫోను లైటు వేశాడు. అది చూసి పక్కవాడు. కళ్లు మూసి తెరిచేలోగా హాలంతా మిణుగురుల తోపు అయింది. రాజుగారు ఆ దృశ్యాన్ని చూసి పాత్ర మరచి కాసేపు ఆనందించారు.

అప్పుడు కరుణాకర్ ముందుకొచ్చాడు. సింహాసనం పక్కన చిన్న బల్ల, దాని మీద ఫైలు, ఫైలు మీద పెన్ను. చెప్పాలా, మింగాలా అనే ప్రశ్న ఇంకా తెగలేదు. అంతలో మాస్టారు హార్మోనియం మీద షడ్జం పట్టుకుని నిలిపాడు. చిన్నప్పటి నుంచి శ్రుతి వినబడగానే పాడటం అలవాటైన గొంతు, యజమాని అనుమతి కోసం ఆగలేదు. పద్యం వచ్చేసింది. నాలుగో పాదం 'పట్టపగలు' దగ్గర అతను రాగం తీస్తే, హాలు పైకప్పు ఎత్తు పెరిగినట్టనిపించింది.

గోడ వార నుంచి నాగేశు గొంతు వినబడింది.

"వన్స్ మోర్!"

హమాలీలు అందుకున్నారు. ఊరిజనం అందుకున్నారు. నాటకం నియమం ప్రకారం కరుణాకర్ మళ్లీ పాడాడు. ఈసారి ఫైలు వైపు చూడలేదు. పద్యం ముగిసింది. పొద్దుటి నుంచి పద్యం ముగియడమే గుర్తుగా అరుస్తున్న అడ్మినిస్ట్రేషన్ సెక్షన్, ఎవరి పద్యమో చూసుకోకుండా వన్స్ మోర్ అంది. ఆ వెంటనే అక్కౌంట్స్. వంతు తప్పితే అపవాదు గనక కొనుగోళ్లు. లింగమూర్తి మంత్రి వేషంలో వేదిక మీద నిలబడి చేతులు ఊపి ఆపబోయాడు. ఇంకా గట్టిగా అనమంటున్నాడనుకుని స్టోర్స్ వాళ్లు లేచి నిలబడి అరిచారు. సంస్థ యావత్తూ, సంస్థ యాజమాన్యం వేసిన వంతుల ప్రకారమే, ఇది పట్టపగలని మళ్లీ మళ్లీ చెప్పమని తన సేనాపతిని అడుగుతోంది. అతను చెబుతున్నాడు.

రాజుగారి ముఖం కుంకుమ రంగు కంటే ఎర్రబడింది. నాటకంలో ఆయన అనవలసిన మాట వేరే ఉంది. అది ఆయనకు గుర్తు రాలేదు. లేచి నిలబడి, వేలు చూపించి, మైకు ముందు అరిచారు.

"కరుణాకర్, నిన్ను ఈ క్షణం నుంచి ఉద్యోగంలోంచి తీసేశాను. గెటవుట్!"

హాలు చప్పబడింది. విజిలెన్స్ వాళ్లు తమ వంతు వచ్చిందేమోనని సన్నగా వన్స్ మోర్ అని నాలిక్కరుచుకున్నారు.

తెర పక్కకు వచ్చిన కరుణాకర్‌ను లింగమూర్తి పట్టుకున్నాడు. బహిరంగ సభలో మైకు ముందు ఇచ్చిన నోటి ఆదేశానికి రాతపూర్వక ఆదేశంతో సమానమైన విలువ ఉందనీ, తాను దాన్ని అక్కడికక్కడే అమలు చేశాననీ, పర్మినెంట్ ఫైల్లోంచి అతని పేరు కొట్టేయించాననీ చెప్పాడు. అంత గందరగోళంలోనూ ఆయన ముఖంలో ఒక పని వేగంగా పూర్తి చేసిన తృప్తి ఉంది.

కరుణాకర్‌కు ఏడుపు రాలేదు. ఏడాదికొక రోజు చొప్పున ఈ అనుభవం అలవాటు చేశారు కదా. కాకపోతే రేపు కొత్తగా చేర్చుకునేవాడు ఉండడు. తలపాగా తీసి పెట్టెలో పెట్టాడు. ఒళ్లంతా తేలికగా ఉంది, జ్వరం దిగినవాడికి ఉన్నట్టు. ఆ తేలికదనం చూసి అతనికే భయమేసింది.

వేదిక మీద నాటకం నడిచిపోతోంది. కావలివాళ్లు ఏమీ కనబడనట్టు నటించారు. యుద్ధభేరి మోగింది. ప్రచండవర్మ శత్రువును ఆహ్వానిస్తూ పద్యం పాడారు. వన్స్ మోర్. పాడారు. శత్రువు రాలేదు. మళ్లీ భేరి మోగింది. అప్పటికి గాని లింగమూర్తికి భైరవసింహుడెవరో గుర్తు రాలేదు. ఉత్తరీయం ఎగ్గట్టుకుని పరుగెత్తి వచ్చాడు.

"ఏమయ్యా, మీసం మార్చుకోలేదేం? వెళ్లి పొడువు."

"నేను బయటి మనిషిని సార్. కత్తితో ఆయన దగ్గరికి పోకూడదని విజిలెన్స్ వారు రాశారు గదా."

నిబంధన సరైనదే. అది లింగమూర్తిని మరింత కుంగదీసింది. ఇద్దరు ముగ్గురు మంత్రులను బతిమాలాడు. వాళ్లు టార్చిలైట్లను ఇంకా గట్టిగా పట్టుకున్నారు. మాస్టారిని చూశాడు. ఆయన హార్మోనియం వదిలితే శ్రుతి ఎవరు పెడతారని పెట్టె మీద నుంచి లేవలేదు.

రాజుగారే వన్స్ మోర్‌కూ వన్స్ మోర్‌కూ మధ్య, యుద్ధానికి పోతున్నట్టు నటిస్తూ తెర పక్కకు వచ్చారు. కిరీటం నుదుటిని కోసేస్తోంది. గొంతు పూర్తిగా పోయింది.

"వచ్చి చంపవయ్యా తొందరగా. ఇంక నా వల్ల కాదు."

"ఇందాక అన్నది నాటకంలో మాటేనని ఒక్కమాట మైకులో చెప్పండి సార్. వచ్చి చంపుతా. చంపాక ఫైలు మీద సంతకం పెడుదురు."

త్రివిక్రమరావు గారు ఆలోచించారు. ఆయన ముఖంలో నిజంగానే ఒక పోరాటం జరిగింది. ఆ పోరాటంలో ఆయన గెలవలేదు.

"జనం ముందు అన్నమాట వెనక్కి తీసుకుంటే రేపు నా మాట ఎవడు వింటాడు?"

కరుణాకర్ నడుముకున్న అట్ట కత్తిని ఊడదీశాడు. రెండు చేతులతో, పూజసామాను అందించినంత మర్యాదగా, లింగమూర్తి చేతిలో పెట్టాడు.

"మీరే కానివ్వండి సార్. ఈ సంస్థలో మీకంటే నమ్మకస్తులు ఎవరున్నారు?"

అతను వెనక మెట్లు దిగిపోయాడు. బయట సువార్త అప్పటికే చెట్టు కింద నిలబడి ఉంది. తీసేశానన్న మాట మైకులో వినగానే లేచి వచ్చేసిందట. అతని ముఖానికున్న రంగును కొంగుతో తుడవసాగింది. పైన కొమ్మకు కట్టిన లౌడ్‌స్పీకరు గరగరలాడుతూ లోపలి సంగతులన్నీ చెబుతోంది.

"లింగమూర్తీ, పొడువు." రాజుగారి గొంతు.

"సార్..."

"ఇది నా ఆదేశం. పొడువు."

లౌడ్‌స్పీకర్లో ఎవరో ఎగపోసుకుంటున్న చప్పుడు వినబడింది. పొడిస్తే ఛైర్మన్ గారిని పొడిచినవాడవుతాడు. పొడవకపోతే ఛైర్మన్ గారి మాట జవదాటినవాడవుతాడు. పాతికేళ్ల సర్వీసులో ఎన్నడూ తడబడని ఆ గొంతు చాలా వినయంగా పలికింది.

"రాతపూర్వకంగా ఇప్పిస్తే బాగుంటుంది సార్."

"రాసిస్తాను. నోట్ పెట్టు."

"ఏ సెక్షన్ నుంచి పెట్టించమంటారు సార్?"

పొద్దుటి నుంచి మొదటిసారి లోపల ఏ సెక్షనూ వన్స్ మోర్ అనలేదు. సువార్త రంగు పూర్తిగా పోయేదాకా తుడిచి, ఇంక ఇంటికి పోయి తిందామా అని అడిగింది. కరుణాకర్ ఒక్క నిమిషం ఆగమన్నాడు. లౌడ్‌స్పీకర్లో, మంత్రుల్లో ఉన్న లీగల్ అధికారి దగ్గి గొంతు సవరించుకుంటున్నాడు.

"ఇందులో ఒక చిన్న సందేహం ఉంది సార్," అని మొదలుపెట్టాడాయన. "మహారాజు గారిని పొడిచిన తర్వాత, ఆ నోట్ మీద ఆమోదం సంతకం ఎవరు చేయాలి?"